వెల ఇచ్చి తాగిన సోడా

1955లో వానలు మొదలయ్యే వేళకు నన్ను పటాన్‌చెరు సర్కిలుకు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హెడ్‌క్వార్టరు సంగారెడ్డి. శానిటరీ ఇన్‌స్పెక్టరంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక చెప్పాలి. బావుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లించడం, టీకాలు వేయించడం, సంతలో కుళ్ళిన చేపలు పారబోయించడం, గత్తర వస్తే పరుగెత్తడం, అది పోయాక రిపోర్టు రాయడం మా పని. గత్తర అంటే కలరా. నా పైన జిల్లా ఆరోగ్యాధికారి, నా కింద జవాను పోచయ్య. ఇవి కాక నాకొక సైకిలు, ఒక లక్కముద్ర, ఒక తనిఖీ రిజిస్టరు ఉండేవి. వీటన్నిటిలో నా మాట వినేది సైకిలు ఒక్కటే, అదీ ఎత్తు లేని చోట.

ఇప్పుడు ఆ రోడ్డంతా ఫ్యాక్టరీలే. నేను వెళ్ళిన నాటికి పటాన్‌చెరులో పరిశ్రమ అంటే బొంబాయి రోడ్డు పక్కనున్న ఖాసీం సాబ్ గోలీసోడా కార్ఖానా. రేకుల కప్పు, ఒక గ్యాసు సిలిండరు, చేత్తో తిప్పే మెషీను. నీళ్ళు నింపిన సీసాలను ఇనుప బోనులో బిగించి, గ్యాసు వదిలి, బోనును గిర్రున తిప్పితే లోపలి గోలీ తన్నుకొచ్చి మూతి దగ్గరి రబ్బరుకు అతుక్కుంటుంది. తిప్పేది ఖాసీం సాబ్, సీసాలు కడిగేది ఆయన తమ్ముడు. ఆ ఇద్దరే యాజమాన్యం, ఆ ఇద్దరే కార్మికులు. అందుకే అక్కడ సమ్మెలు లేవు.

కార్ఖానా చిన్నదే కాని, దాని దానధర్మాలు పెద్దవి. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద ఏడాది పొడుగునా సబీలు నడిచేది. సబీలంటే బాటసారులకు ఊరికే నీళ్ళు పోసే చోటు, మన చలివేంద్రం వంటిది. ఖాసీం సాబ్ తల్లికి ఒకే రోజు ఇద్దరు పిల్లలు గత్తరలో పోయారట. అప్పుడొక హకీము నీళ్ళు కాచి తాగమని చెప్పాడు. ఆ నాటి నుంచి ఆమె పెద్ద రాగి డేగులో, అంటే గుండిగలో, నీళ్ళు మరగబెట్టి, బొగ్గు, ఇసుక పోసిన మూడు కుండల గుండా దింపి, దారిన పోయేవాళ్ళకు పోయించింది. చనిపోయే ముందు ఆ డేగును, కుండలను దేవుడి పేర రాసేసింది. కొడుకు ఒక్క రోజు కూడా పొయ్యి ఆర్పలేదు. ఆ కాలంలో పటాన్‌చెరులో పరిశ్రమ పొగంటే ఆ పొయ్యి పొగే.

సబీలుతో ఆగలేదు. బండ్ల ఎద్దులు తాగడానికి కార్ఖానా బావి ఒడ్డునే రాతి తొట్టి కట్టించాడు. సీసాలు కడిగిన నీళ్ళు వృథా కాకుండా కాలువ తీసి, రోడ్డు వెంట తాను నాటిన వేప మొక్కలకు పారించాడు. బడిపిల్లల జెండా పండుగకు, పేదింటి పెళ్ళికి, చావింట మూడో రోజుకు సోడా పెట్టెలు ఊరికే పంపేవాడు. పటేలు, పట్వారీ, పోలీసు, పంతులు ఎవరొచ్చినా కుర్చీ వేసి, గోలీ టప్పున కొట్టి, సీసా చేతికిచ్చేవాడు. పైసలు తీసేవాడు కాదు.

నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. నెలకోసారి తనిఖీకి వెళ్ళేవాణ్ణి. సంగారెడ్డి నుంచి ఎండలో సైకిలు తొక్కుకుని వెళ్ళిన మనిషికి చల్లటి సోడా ఇస్తే చట్టం ఏ సెక్షన్ కింద కాదనాలో నాకు తోచేది కాదు. తాగేవాణ్ణి, త్రేన్చేవాణ్ణి, రిజిస్టరులో ‘నీరు శుభ్రము, రుచి బాగున్నది’ అని రాసేవాణ్ణి. నాకు ముందున్న ఇన్‌స్పెక్టరూ అదే రాశాడు. ఇద్దరమూ అబద్ధం రాయలేదు.

1957 మే నెలలో పటాన్‌చెరు పక్కనున్న ముత్తంగిలో మల్లయ్య అనే రైతు కూతురు సత్తెమ్మ పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకుది ఇంద్రేశం ఊరు. పెళ్ళైన మరుసటి ఉదయానికి పదిమందికి పైగా వాంతులు, విరేచనాలు. అందరిలోకీ ఎక్కువగా పడిపోయింది పెళ్ళికూతురే. పసుపు బట్టలతోనే ఎడ్లబండి మీద సంగారెడ్డి ఆస్పత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి చేతికి సెలైన్ ఎక్కుతున్నది, కళ్ళు లోతుకు పోయాయి, చేతి గోరింటాకు ఒక్కటే ఎర్రగా ఉంది. మల్లయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని, కూతురి పాదాలు అరచేతులతో రుద్దుతున్నాడు.

ఇంద్రేశం వాళ్ళు వరండాలో నిలబడే తీర్పు చెప్పేశారు. పెళ్ళికి పెట్టిన కూర నిన్నటిదట, మల్లయ్య పిసినారి అట, చచ్చిన మేకను కోసి పెట్టాడట. పెళ్ళికొడుకు మేనమామ నాతోనే అన్నాడు: “ఇజ్జత్ లేని ఇంట్ల పిల్లను చేసుకున్నం సారు. బతికితే ఆళ్ళింట్లనే ఉంచుకొమ్మనుండ్రి.” చెప్పి బండి కట్టుకుని వెళ్ళిపోయారు. సత్తెమ్మ మూడో రోజుకు లేచి కూర్చున్నది. కాని ఆమెను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మల్లయ్య ఆమెను ముత్తంగికే తీసుకుపోయాడు. ఊళ్ళో వాళ్ళు కూడా చచ్చిన మేక కథ నమ్మడం మొదలుపెట్టారు. అతను నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు: “నా కూర మంచిదే సారు. గది ఎట్లయిన కాయితం మీద రాయించుండ్రి.”

కూర మిగల్లేదు, పరీక్షకు పంపడానికి. తాగునీళ్ళు మల్లయ్య బావివి. ఆ బావికి నేనే వారం కిందట బ్లీచింగ్ వేయించాను. జబ్బుపడ్డ వాళ్ళనూ పడని వాళ్ళనూ వరసగా అడుగుతూ పోతే ఒక సంగతి తేలింది. కూర అందరూ తిన్నారు. సోడా తాగిన వాళ్ళే పడిపోయారు. సోడా ఖాసీం సాబ్‌ది.

ఈ మాట పైకి అన్నందుకు నన్ను కొట్టలేదు గాని, అంత పనీ అయింది. పటేలు నవ్వాడు. పంతులు బాధపడ్డాడు. పోచయ్య, నా జీతంతో సంబంధం లేకుండా నన్ను మందలించగల ఏకైక ఉద్యోగి, సైకిలు ఆపించి మరీ చెప్పాడు: “సారు, ఆయన సోడా మనం రెండేండ్ల సంది తాగుతున్నం. మీకేమన్న అయిందా? నాకేమన్న అయిందా? పున్నెమూర్తి మీద పడితే మనకు తగుల్తది.” నా కడుపే ఖాసీం సాబ్ తరఫు సాక్షి. దానితో వాదించడం కష్టం.

అయినా వెళ్ళి నమూనా తీశాను. కల్తీ నిరోధక చట్టం అప్పటికి కొత్తది. నమూనాను ఇద్దరు పంచుల, అంటే ఊరి సాక్షుల, ఎదుట మూడు వాటాలు చేసి, లక్కముద్ర వేసి, ఒకటి అమ్మేవాడికిచ్చి, ఒకటి హైదరాబాదులోని ప్రయోగశాలకు పంపి, ఒకటి మా దగ్గర దాచాలి. ఖాసీం సాబ్ మొహం చిన్నబోయింది గాని, పడమటి గోడ అర మీది నుంచి సీసాలు తనే తీసిచ్చాడు. సీసాలను రంపపు పొట్టులో, మంచు గడ్డల మధ్య పెట్టి బస్సులో పోచయ్యతో పంపాను. వారానికి ఫలితం వచ్చింది. సోడా నిక్షేపంలా ఉంది. ఆ లెక్కన తప్పు మల్లయ్య కూరది. నేను అదే మాట రిపోర్టులో రాసి పైకి పంపాను. రాస్తుంటే నా చెయ్యి ఆడలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాని ఆడింది. ప్రయోగశాల కాగితం చేతిలో ఉంటే ఏ ఉద్యోగి చెయ్యైనా ఆడుతుంది.

ఆ రిపోర్టు తిరిగొచ్చింది. ఆరోగ్యాధికారి కచేరీలో ఒక హెడ్‌క్లర్కు ఉండేవాడు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఫైలులో ఉన్నదాన్ని చదవకుండా లేనిదాన్ని వెతికే మనిషి. ఎర్ర సిరాతో రాశాడు: నమూనాకు వెల చెల్లించినట్టు రసీదు జతపరచలేదు, చట్టం ప్రకారం నమూనా కొనవలెను గాని పుచ్చుకొనరాదు, కావున ఈ నమూనా చెల్లదు, మరల తీయవలెను. ఆ మనిషిని ఆ పూట నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక ఆడపిల్ల కాపురం, ఒక రైతు పరువు ఇక్కడ వేలాడుతుంటే రసీదట, రసీదు.

మండిపడుతూనే పటాన్‌చెరు వెళ్ళాను. ఖాసీం సాబ్ మామూలుగా పడమటి అర మీదికి చెయ్యి చాచాడు. నేను జేబులోంచి పైసలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి ఆగింది.

“పైసలిస్తవా సాబ్?”

“చట్టం. ఇయ్యాలె, రసీదు కూడా కావాలె.”

ఖాసీం సాబ్ ఆ పైసలు నా వైపు జరిపాడు. నొచ్చుకున్నాడు. వద్దని బతిమాలాడు. నేను వినలేదు. అప్పుడు తీసిన సీసాలను జాగ్రత్తగా తిరిగి పడమటి అర మీద పెట్టి, వాకిటి పక్క పెట్టెలోంచి వేరే సీసాలు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరు పంచులూ చూశారు, నేనూ చూశాను. ముగ్గురికీ ఏమీ తోచలేదు. లక్క కరిగించి ముద్ర వేశాను.

ఈసారి ప్రయోగశాల నుంచి జవాబు తొందరగా వచ్చింది. ఆ సోడాలో పశువుల పేడలో, మనుషుల మలంలో ఉండే క్రిములున్నాయి, తాగడానికి పనికిరాదు.

రెండు కాగితాలూ పట్టుకుని ఖాసీం సాబ్ ముందు కూర్చున్నాను. ఒకే మెషీను, ఒకే మనిషి, పక్షం రోజుల తేడా. సీసాలు ఎందుకు మార్చావని అడిగాను. ఆయన దాచలేదు. దాచాల్సిందేదో ఉందని ఆయనకు తెలియనే తెలియదు.

“అవి ఇచ్చేటివి సాబ్. ఇవి అమ్మేటివి.”

విడమరిచి చెప్పమన్నాను. చెప్పాడు. తల్లి డేగు, తల్లి కుండలు దేవుడి పేర రాసినవి. వాటిలోంచి వచ్చిన నీళ్ళను ఊరికే ఇవ్వచ్చు, అమ్ముకుంటే హరాం. అందుకని ఊరికే ఇచ్చే సోడాకు సబీలు నీళ్ళు, పైసలకు అమ్మే సోడాకు బావి నీళ్ళు. దేవుడి సొమ్ములో ఒక్క గ్లాసు కూడా వ్యాపారానికి వాడలేదని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. మరి బావి నీళ్ళతో జబ్బు చేస్తుందని భయం లేదా అంటే, సిలిండరు వైపు చూపించాడు. “గ్యాసు కొట్టినంక పురుగు యాడ బతుకుతది సాబ్? సబీలు నీళ్ళల్ల గ్యాసుండదు గద, గందుకే అవి కాగబెడ్త.”

బావి దగ్గరికి నడిచాం. దాని ఒర, అంటే చుట్టూ కట్టిన గోడ, పగిలిపోయింది. పక్కనే పుణ్యానికి కట్టిన రాతి తొట్టి. ఎడ్లు నీళ్ళు తాగుతూ చేసే పనులన్నీ అక్కడే చేస్తున్నాయి, అదంతా నేలలోకి ఇంకి బావిలోకి దిగుతున్నది. నెలకోసారి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు కుర్చీలోంచి ఆ తొట్టి చక్కగా కనిపించేది. జీవకారుణ్యమని మెచ్చుకున్నాను కూడా. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

అప్పటికి నాకు రిజిస్టరు గుర్తొచ్చింది. రెండేళ్ళ ‘నీరు శుభ్రము’లు. ఊళ్ళో పటేలు, పంతులు, పోలీసు, నేను, మేమెవరం పైసలిచ్చి తాగలేదు కనుక మాకెవరికీ ఏమీ కాలేదు. ఎండలో వచ్చి జేబు తడుముకుని కొనుక్కు తాగిన బండివాడు రెండు రోజులు విరేచనాలతో పడుకుంటే, అది ఎండదెబ్బ అనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. పేదింటి పెళ్ళిళ్ళకు ఊరికే పంపిన పెట్టెలతో ఎన్నడూ ఎవరికీ జబ్బు చేయలేదు. మరి మల్లయ్య ఇంటి పెళ్ళికి? అదే అడిగాను.

ఖాసీం సాబ్ తల దించుకున్నాడు. “ఆయనకూ ఊరికెనే పంపుతనన్న. వద్దన్నడు. నా బిడ్డ పెండ్లికి ఖైరాతెందుకు సాబ్, ఇంకో గరీబుకు పంపు అన్నడు. మొత్తం పైసలు ముందే ఇచ్చిపోయిండు.” ఆ మాట చెప్పాక ఆయనకు లెక్క అంతా ఒక్కసారిగా అర్థమైంది. బావి ఒడ్డునే కూలబడ్డాడు. “మా అమ్మ ఇద్దరిని గత్తరకు ఇచ్చింది సాబ్. నేనింక ఎంతమందికి పోసిన్నో” అని ఏడ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి ఏడుస్తుంటే ఓదార్చడానికి మా మాన్యువల్లో ఏమీ లేదు. నేను పక్కన నిలబడ్డాను, అంతే.

కేసు పెట్టక తప్పదు. కేసుకు సాక్షులు కావాలి. సోడా పంపిణీ చూసినవాడు, తాగినవాడు, ఫలానా సోడా వల్ల జబ్బు పడ్డామని చెప్పేవాడు. ఊళ్ళో అడిగితే ప్రతివాడూ దేవుడి మీద ప్రమాణం చేసి నిజమే చెప్పాడు: ఖాసీం సాబ్ సోడా అమృతం. పంచనామా మీద సంతకం చేసిన పంచులు కూడా చదవకుండా చేశామన్నారు. ఇంత నిజాయితీ గల సాక్షులు అన్నిచోట్లా ఒకే అబద్ధం చెప్పడం నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

మిగిలింది మల్లయ్య. ముత్తంగి వెళ్ళి, రెండు కాగితాలూ చదివి, సంగతి వివరించాను. సత్తెమ్మ గడప లోపల నిలబడి విన్నది. మల్లయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. “నా ఎడ్లు ఆ తొట్ల నీళ్ళే తాగుతయి సారు. మా నాయినకు పాణం పోంగ ఆ సబీలు నీళ్ళే పోసినం. ఆయన మీద నేనెట్ల చెప్పాలె?” అన్నాడు. లోపలి నుంచి కూతురు మాట్లాడింది. “మంచోడే బాపు. మంచోడని నేను ఈడ కూసోవాల్నా?”

మల్లయ్య తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. “నా ఎడ్లు తాగింది పున్నేనికి. నేను తాగించింది పైసలిచ్చి. పైసలిచ్చిన దాని గురించి చెప్పొచ్చు” అన్నాడు. కాగితం తీసుకుని వేలిముద్ర వేశాడు. ఆ తీర్పు ఏ వకీలైనా ఇంకా పొడుగ్గా చెప్పేవాడు గాని, ఇంతకన్నా బాగా చెప్పేవాడు కాదు.

కోర్టులో ఖాసీం సాబ్ నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు. మా వకీలు నిరాశపడ్డాడు, వాదన అంతా సిద్ధం చేసుకున్నాడు పాపం. మర్నాడు ఖాసీం సాబ్ ప్రయోగశాల కాగితం పట్టుకుని ఇంద్రేశం నడిచి వెళ్ళాడు. పెళ్ళికొడుకు మేనమామను, నలుగురు పెద్దలను కూర్చోబెట్టి, “మేక మంచిదే, ఖరాబు నా సోడా” అని చెప్పాడు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది, అక్కడెవరికీ రాదు. అయినా తన వ్యాపారానికి వ్యతిరేకంగా అంత దూరం నడిచొచ్చి చెప్పేవాడు అబద్ధమెందుకు చెబుతాడని నమ్మారు. వారం తిరక్కుండా వచ్చి సత్తెమ్మను తీసుకుపోయారు. మల్లయ్య వాళ్ళకు మేకను కోసే పెట్టాడు.

కార్ఖానా మూయించే అధికారం నాకుంది. మూయిస్తే సబీలూ ఆగుతుంది, ఎందుకంటే సబీలు కట్టెల ఖర్చు ఆ బావినీళ్ళ సోడా మీదే నడిచేది. అందుకని మూయించకుండా నోటీసు ఇచ్చాను. తొట్టిని బావికి యాభై గజాల అవతలికి జరపాలి, ఒర కట్టాలి, అమ్మే సోడాకు కూడా నీళ్ళు కాచి వడగట్టాలి. ఖాసీం సాబ్ మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నాడు. మూడోదానికి తల్లి డేగు ముట్టనన్నాడు. ఇంకో డేగు కొనమన్నాను. ఆ ఆలోచన ఆయనకు ముప్పై ఏళ్ళలో ఎన్నడూ రాలేదు. “అమ్ముకునేదానికి గంత మంచి నీళ్ళెందుకు సాబ్? పైసలు తీసుకుంటున్నం గద” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆయన లెక్కలో ఊరికే ఇచ్చేదానికి దేవుడు జవాబు అడుగుతాడు, అమ్మినదానికి గిరాకీ, అంటే కొన్నవాడు, అడుగుతాడు. గిరాకీ అడగలేదు కనుక బాగుందనుకున్నాడు. అలా అడగడానికే సర్కారు నాకు జీతమిచ్చింది. నేనేమో దేవుడి వాటాలోంచి తాగి, బాగుందని రాస్తూ వచ్చాను.

రెండో డేగు వచ్చింది. పొగ రెండింతలైంది. రెండు నమూనాలు వెల ఇచ్చి తీశాను, రెండూ నెగ్గాయి. ఆ హెడ్‌క్లర్కుకు మాత్రం కృతజ్ఞత చెప్పలేదు. చెబితే నా కృతజ్ఞతకు కూడా రసీదు అడుగుతాడు.

1959లో నాకు మెదక్ బదిలీ అయింది. పోయే ముందు కార్ఖానాకు వెళ్ళి పైసలు బల్ల మీద పెట్టి సోడా అడిగాను. ఖాసీం సాబ్ కోప్పడ్డాడు. “ఇగ నువ్వు ఆఫీసరువు గావు, మెహమానువు. జేబుల పెట్టుకో” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన గొణుక్కుంటూ వాకిటి పక్క పెట్టెలోంచే తీసిచ్చాడు. తాగాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా నాకేమీ కాలేదు. రెండేళ్ళ రాతల కన్నా నమ్మదగిన తనిఖీ అదొక్కటే. అది రాయడానికి అప్పటికి రిజిస్టరు నా చేతిలో లేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాను. తనిఖీకి వెళ్ళినచోట టీ అయినా సరే వెల ఇచ్చే తాగాను. నిజాయితీపరుడని పేరొచ్చింది, కొందరికి పొగరుబోతునని కూడా తోచింది. రెండూ కాదు. ఒక మనిషి దానం చూస్తే ఆ మనిషి తెలుస్తాడు. ఆయన సరుకు తెలియాలంటే కొనాలి.